మిర్యాలగూడ మిల్లులో తొమ్మిదో తరగతి

శనివారం మధ్యాహ్నాలు మా తొమ్మిదో తరగతికి పుస్తకం ఉండదు. పొలమో, చెరువు తూమో, మెకానిక్ షెడ్డో చూసి, చేత్తో చేసి నేర్చుకుంటారు. మూడేళ్లుగా ఎవరూ అడ్డు చెప్పలేదు. ఈ ఏడు కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు మాత్రం, "మేడం, ఈసారి నేనూ వస్త. పిల్లలకు పనికొచ్చేది కనబడితే సరే, లేకపోతే శనివారాలు స్లిప్ టెస్టులకు ఇచ్చెయ్యాలె" అన్నారు. అలా మొదలైంది మిర్యాలగూడ రైస్ మిల్లు ప్రయాణం. అనుమతి ఉత్తరాలు, తల్లిదండ్రుల సంతకాలు, మిల్లు యజమానికి పది ఫోన్లు అయ్యేసరికి బయలుదేరకముందే నా ఓపిక సగం అయిపోయింది.

మా బడి నడిగూడెం దగ్గర. నేనుండేది సూర్యాపేటలో. ఉదయం ఆరింటి బస్సెక్కి, ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ మీద ఏడు దాటాక కోదాడలో దిగాను. హెడ్మాస్టరు సార్‌నీ ఇరవైనాలుగు మంది పిల్లలనీ ఎక్కించుకుని మినీ బస్సు అక్కడికే వచ్చింది. రోజు కిరాయి ఐదున్నర వేలు, డీజిల్ అందులోనే. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా వెళ్లాం. "వడ్ల సీజన్ మేడం, ట్రాక్టర్లు అడ్డముంటయ్. రెండు గంటలు వేస్కోన్రి" అన్నాడు డ్రైవరు. అన్నంత పనీ అయింది. దారిలో ఇద్దరు పిల్లలు వాంతులు చేసుకున్నారు, వాళ్ల వీపులు నిమురుతూనే నేరేడుచర్ల దాటాను.

పని చిన్నదే. పిల్లలంతా ఇంటి నుంచి దోసెడు వడ్లు తెచ్చారు. మిల్లులో తేమ కొలిచే మిషన్ ఉంటుంది. వడ్లు ఎండాయో లేదో ఇంట్లో నాన్న చెప్పిన మాటను, మిషన్ చెప్పిన అంకెను పక్కపక్కన రాసుకోవాలి. వడ్లు ఒలికిపోకుండా టిఫిన్ డబ్బాల్లో పోసి మూతలు గట్టిగా బిగించమన్నాను. శుక్రవారం మధ్యాహ్నమే డబ్బాల మీద పేర్లు రాయించి, స్టాఫ్ రూము కిటికీలో ఎండ తగిలేచోట వరసగా పెట్టించాను. ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకున్నాను కూడా!

మిల్లులో మొదటి డబ్బా శ్రావణిది. మిషన్ పంతొమ్మిది శాతం చూపించింది, పదిహేడు దాటితే తడి వడ్ల కిందే లెక్క. ఆ పిల్ల మొహం మాడిపోయింది. "మా నాయిన నాలుగు రోజులు రోడ్డు మీద ఆరబోసిండు మేడం. గిట్లెట్ల వస్తది?" తర్వాత పది డబ్బాలూ అదే వరస. సార్ వాచీ చూసుకున్నారు. "ఇప్పుడేం నేర్చుకున్నట్టు మేడం? మిషన్ అబద్ధమా, తండ్రులు అబద్ధమా?"

మిల్లు ముందు కళ్లంలో కాళ్లతో వడ్లు తిరగేస్తున్న యాదమ్మ అనే ఆమె వచ్చి, శ్రావణి డబ్బా మూత లోపల వేలితో తుడిచింది. వేలికి చెమ్మ అంటింది. ఒక గింజ పంటి కింద పెట్టుకుంది. "ఎండిన వడ్లేనమ్మా ఇవి. డబ్బల బెట్టి ఎండకు ఉడకేసిన్రు, చెమట వట్టినయ్. జర గాలి తగలనియ్యున్రి."

తప్పు నాదే. పిల్లల ముందే ఒప్పుకున్నాను. టవళ్లు పరిచి, పల్చగా ఆరబోసి, గంటసేపు అందరూ ఎండలో కూర్చుని వేళ్లతో కదుపుతూనే ఉన్నారు. యాదమ్మ ఒక్కొక్కరి చేతిలో గింజ పెట్టి, ఎండింది టక్కుమంటుందని, తడిది పంటికి సాగుతుందని చూపించింది. సార్ కూడా కొరికి చూశారు. రెండోసారి శ్రావణి వడ్లు పదహారున్నర. "మా నాయిన నిజమే చెప్పిండు!" అని ఎగిరింది. సార్ పకపకా నవ్వారు. గెలిచామనుకున్నాను. బస్టాండు దగ్గర మెస్‌లో తొంభై రూపాయల భోజనం అమృతంలా దిగింది.

మూడింటికి తిరుగు ప్రయాణం. నేరేడుచర్ల దగ్గర మళ్లీ ట్రాక్టర్లు. నడుము విరిగిపోతోంది, తల పగిలిపోతోంది. సార్ నా వైపు తిరిగి, "బాగుంది మేడం, అబద్ధం చెప్పను. కానీ ఒక్క ముచ్చట తెలిసేతందుకు ఒక రోజు ఖతం. పైనుంచి నన్నడిగేది మార్కులు. శనివారాలు టెస్టులకే ఇద్దామా?" అన్నారు. మూడేళ్లుగా కూడబెట్టుకున్న జవాబులున్నాయి నా దగ్గర. అయినా "సరే సార్" అన్నాను. ఛీ, సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదు, ఇక శనివారాలు పడుకోవచ్చన్న హాయి.

వెనక సీట్లో శ్రావణికి ఇంజను మోతలో మా మాటలు వినబడలేదు. ముందుకు వంగి నా భుజం తట్టింది. "మేడం, వచ్చే శనివారం నేను తడివి, ఎండినవి కలిపి తెస్త. మిషన్ లేకుంటనే పంటితోటి చెప్త, సూడున్రి." నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. కోదాడ వచ్చేదాకా తెరవలేదు.

పిల్లలకు చేత్తో నేర్పడం కష్టమేమీ కాదని, దాన్ని వారం వారం కాపాడుకోవడమే కష్టమని అందరం అంటుంటాం. నేను కాపాడలేకపోయింది ఎవరో అడ్డుపడి కాదు, అలసిపోయి. ఇలాంటి ప్రయాణం పెట్టుకునే టీచర్లకు ఒక్కటే చెబుతాను. పైవాళ్లతో తేల్చుకోవాల్సింది ఏదైనా ఉంటే మిల్లులోనే, వాళ్ల పంటి కింద ఆ గింజ ఉన్నప్పుడే తేల్చుకోండి. తిరుగు బస్సులో మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి.