అరమెట్టు కింద అంతోనయ్య

అంతోనయ్య చనిపోయిన మర్నాటి నుంచే మంచివాడైపోయాడు. తిరువూరు చర్చిలో సంతాపసభ పెట్టి అతన్ని సౌమ్యుడన్నారు, సమయపాలన తెలిసినవాడన్నారు. వెనక బెంచీలో కూర్చున్న ఐజాక్‌కి నవ్వాగలేదు. ముప్ఫై ఏళ్ళు అతని పక్కన గిటారు వాయించాడు మరి. రిహార్సల్‌కి ఒక్కనాడూ టైముకి రాని మనిషి, తన గిటారు తీగ తెగితే పక్కవాణ్ణి తిట్టే మనిషి, సౌమ్యుడట!

ఐజాక్ లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. పాతవాళ్ళకి మాత్రం ఇంకా ఇంగ్లీషు పాటల ఐజాకే. గుంటూరులో చదివే రోజుల్లో క్యాసెట్లలో విన్న రాక్ పాటల్ని వాళ్ళిద్దరూ చర్చి వెనక గదిలో సాధన చేశారు. సగం మాటలు వాళ్ళకే తెలియవు. అంతోనయ్య గొంతెత్తితే పక్కనున్న ఎ.కొండూరు ఊళ్ళో పెళ్ళిపందిట్లో వడ్డించేవాళ్ళు కూడా గరిటె పట్టుకుని నిలబడిపోయేవాళ్ళు.

ఆ గొంతు మిగిలిన ఒకే ఒక్క క్యాసెట్‌కి బూజు పట్టింది. అతని భార్య మేరమ్మ దాన్ని తుడిచి, రిపేరు షాపులో ఇచ్చి చూసింది. గరగర తప్ప ఏమీ రాలేదు.

"ఏడవకమ్మా, ఆ పాటలన్నీ మళ్ళీ రికార్డు చేయిస్తాను. మావాణ్ణి నీకు వినిపించే పూచీ నాది" అన్నాడు ఐజాక్.

అంతోనయ్య కొడుకు ఇమ్మాన్యుయేల్‌కి విజయవాడలో రికార్డింగు స్టూడియో ఉంది. గొంతు అచ్చం తండ్రి పోలిక. అతను పాడాడు, ఐజాక్ వాయించాడు. ఫోన్‌లో శ్రుతి చూసే యాప్ పెట్టుకుని, పచ్చలైటు వెలిగేదాకా తీగలు బిగించాడు ఐజాక్. జన్మలో తన గిటారు ఇంత సరిగ్గా పలకలేదని మురిసిపోయాడు కూడా.

వర్ధంతి నాడు ఎనిమిది పాటల ఆల్బమ్ వినిపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. మేరమ్మ చివరిదాకా తల వంచుకుని విన్నది.

"ఎలా ఉందమ్మా?"

"బాగానే పాడాడు పిల్లాడు. మీవాడు మాత్రం లేడన్నయ్యా ఇందులో."

"అదేంటమ్మా, అవే పాటలు కదా!"

"అవే. ఆయన ఫొటోకి ఎవరో పౌడరు రాసినట్టుంది."

ఇమ్మాన్యుయేల్ ఉక్రోషపడ్డాడు. "శ్రుతి, తాళం అన్నీ కరెక్టే బాబాయ్. నాన్న కూడా ఇంత కరెక్టుగా పాడి ఉండడు."

మేరమ్మ అన్న మాట ఐజాక్‌ని వదల్లేదు. స్నానం చేస్తున్నా, బజారులో నడుస్తున్నా వెనక ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టే ఉండేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అదేమీ ఆత్మల సంగతి కాదని తనకి తానే లెక్కల మాస్టారులా చెప్పుకున్నాడు. అయినా తిరిగి చూడటం మానలేకపోయాడు.

ఆదివారం ఆరాధనలో పాత హార్మోనియం మోగగానే ఐజాక్ వేళ్ళు ఒళ్ళో కదిలాయి. ఎక్కడో తేడా ఉంది. ఫోన్ తీసి యాప్‌లో చూశాడు. ముల్లు ఎర్రగా కిందికి వాలింది. ఆ హార్మోనియం అసలు శ్రుతికి అరమెట్టు, అంటే సగం స్వరం, తక్కువ పలుకుతుంది. కుర్రతనం నుంచీ వాళ్ళు గిటార్లు శ్రుతి చేసుకున్నది దాన్ని పట్టుకునే. అంతోనయ్య పాటలన్నీ ఆ కింది శ్రుతిలోనే పుట్టాయి, ఆ బరువుతోనే బతికాయి. అతన్ని ఆల్బమ్‌లోంచి బయటికి నెట్టింది ఇమ్మాన్యుయేల్ కాదు. పచ్చలైటు చూసి మురిసిపోయిన తనే.

సోమవారం పొద్దున గిటారు తీసుకుని చర్చి వెనక గదికి వెళ్ళాడు. మేరమ్మ అక్కడ బలిపీఠం గుడ్డలు మడతపెడుతోంది. ఆరాధన అయ్యాక అక్కడే పెట్టే హార్మోనియం మెట్టు మోగించి చూసుకుంటూ, ఒక్కో తీగనీ వదులు చేశాడు. తర్వాత అంతోనయ్యకి ప్రాణమైన పాట ఎత్తుకున్నాడు.

మేరమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "తలుపు తియ్యనా అన్నయ్యా?" అంది మెల్లగా, బయట ఎవరో వచ్చి నిలబడ్డట్టు.

తలుపు తీసే ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

గొంతు అందుకోవాల్సిన చోటు వచ్చింది. అంతోనయ్య ఎప్పుడూ అక్కడ ఓ క్షణం ఆలస్యంగా వచ్చేవాడు. ఐజాక్ చెయ్యి తనంతట తనే మీటడం ఆపి, ఆ క్షణం ఎదురుచూసింది. క్షణం దాటిపోయింది.

"ఇప్పుడున్నాడు" అంది మేరమ్మ.

ఐజాక్ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఆ చోటికి రాగానే మళ్ళీ ఆగాడు.