ముప్పై మందిలో ఆరుగురు

బోర్డు మీద అంకె రాయాలంటే ఇప్పుడు నాకు మనసు రావడం లేదు. ఎందుకో తెలియాలంటే మా ల్యాబులో అందరూ ఫ్రిజ్జక్క అని పిలిచే ఆవిడ గురించి చెప్పాలి. రక్తం తీయడం, గొట్టాలకు చీటీలు అంటించడం, ఫ్రిజ్‌లో వరసగా పేర్చడం, ఇరవై ఏళ్ళుగా ఆవిడ పని అదే. తాళంచెవి మెళ్ళోనే ఉంటుంది. నేనెప్పుడైనా తలుపు తీసి వదిలేశానా, "నీ తల మాత్రం మర్చిపోకుండా తెచ్చావే!" అని కడిగేసేది. నాకూ నోరు తక్కువేం కాదు, కానీ ఆవిడ ముందు పిల్లినే.

నేనక్కడ గుమాస్తాని. మా డాక్టరమ్మ పేపర్లను ఎంతమంది పరిశోధకులు తమ పేపర్లలో పేర్కొన్నారో లెక్క తీసి, ప్రతి సోమవారం బోర్డు మీద రాస్తాను. అన్నిటికన్నా పేరు తెచ్చింది తొమ్మిదేళ్ళ కిందటి కీళ్ళ జబ్బు పేపరు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు అది. ముప్పై మంది ఆరోగ్యవంతుల రక్తంలో దాని ఆనవాళ్ళు ఎంతున్నాయో కొలిచి, డాక్టరమ్మ ఒక గీత గీశారు. గీత పైనుంటే జబ్బు, కిందుంటే లేదు. ఎక్కడెక్కడి ఆసుపత్రులో ఇప్పుడా గీతనే వాడుతున్నాయి. లెక్క వంద పెరిగినప్పుడల్లా మేం కేకు కోస్తాం. ఫ్రిజ్జక్క ఒక్కసారీ ముక్క ముట్టలేదు. షుగరేమో అనుకున్నాను, నా మొహం!

మా అమ్మాయికి పదహారేళ్ళు. నాలుగు నెలలుగా పొద్దున లేస్తే వేళ్ళు ముడవలేకపోతోంది. చొక్కా బొత్తాలు నన్ను పెట్టమనేది. భయమేసి పోయిన నెల మా ల్యాబుకే తీసుకొచ్చాను. ఫ్రిజ్జక్కే రక్తం తీసింది. అంకె గీతకు వెంట్రుకవాసి కింద వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను, ఆ వెంటనే కోపం నెత్తికెక్కింది. "బడి ఎగ్గొట్టడానికి వేషాలా? నీ బొత్తాలు నువ్వే పెట్టుకో" అన్నాను. అది మళ్ళీ అడగలేదు.

ఈ సోమవారం లెక్క తొమ్మిది వందలు దాటింది. పొద్దున్నే కేకు తెప్పించారు. డాక్టరమ్మ చాకు ఫ్రిజ్జక్కకిచ్చి, "మొదట్నుంచీ ఉన్నదానివి, ఈసారి నువ్వు కొయ్యి" అన్నారు. చాకు ఆవిడ చేతిలోంచి జారిపడింది. అప్పుడు చూశాం, వేళ్ళ కణుపులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఇలా ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు డాక్టరమ్మ.

"ఏడాది నుంచి. పరీక్ష నేనే చేసుకున్నానండీ. గీత కిందే వచ్చింది."

"మరింకేం, ఆ జబ్బు కాదులే."

"కిందికి రాక ఏం చేస్తుంది డాక్టరమ్మా? ఆ గీత గీసింది నా రక్తంతోనేగా."

అక్క గోడకానుకుని చెప్పుకొచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట ఒక శనివారం ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదట. పై అరలో ఆ ముప్పై మందిలో కొందరి రక్తం వెచ్చబడి పాడైపోయింది. ఉద్యోగం పోతుందని హడలిపోయి, తన రక్తమే తీసి నింపి, వాళ్ళ చీటీలే అంటించింది. అప్పటికి తను బాగానే ఉంది మరి! ఈ జబ్బు నొప్పి కన్నా ఏళ్ళ ముందే రక్తంలో కాపురం పెడుతుందని ఆవిడకేం తెలుసు? మామూలు కన్నా ఎక్కువున్న ఆవిడ అంకెలు కలిసి గీత ఉండాల్సిన చోటు కన్నా పైకి జరిగింది.

డాక్టరమ్మ ఆవిడ దగ్గరికి వచ్చారు. "ఆ ముప్పై మందిలో నువ్వెంతమంది?"

"ఆరుగురు."

డాక్టరమ్మ నావైపు తిరిగి, "జబ్బు లేదని మనం పంపేసినవాళ్ళ జాబితా తియ్యి" అన్నారు.

"ఇన్నేళ్ళూ నోరు కుట్టుకున్నదానివి, ఇప్పుడెందుకు చెప్పావక్కా?" అని అరిచాను.

ఆవిడ తలెత్తలేదు. "నీ కూతురి అంకె, నా అంకె ఒకటేనే. నెల రోజులుగా చెబుదామనే నీ చుట్టూ తిరుగుతున్నాను. ధైర్యం చాల్లేదు. కొడతావా, కొట్టు."

కొట్టాలనే ఉంది. కానీ ముందు ఇంటికి ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తుతూనే మా అమ్మాయి గబగబా అంది:

"ఎప్పుడో లేచానమ్మా, ఒట్టు. మూడు బొత్తాలు పెట్టేసుకున్నా, ఇంక రెండే ఉన్నాయి. తిట్టకే."