చేదబావి నుంచి ఏడో ఇల్లు

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా బడికి ప్రపంచ పటం ఒక్కటే ఉండేది. పొద్దున దాన్ని గోడకు తగిలించడం, సాయంత్రం చుట్టి బీరువా మీద పెట్టడం నా పని. తరగతిలో ఉన్న నలభై ముగ్గురిలో తీసిన వస్తువును తీసిన చోటే పెట్టేది నేనొక్కదాన్నే అని మా భూగోళం సారు ఆ పని నాకు అప్పగించారు. సారుది గుంటూరు వైపు ఒక పల్లె. సన్నటి మనిషి. మా ఊరికి వచ్చి రెండేళ్ళు దాటి నాలుగు నెలలు. ఒక్కరే ఉండేవారు.

ఆ పటంలో సిరిసిల్ల లేదు. హైదరాబాదుకు పైన నువ్వుగింజంత ఎడంలో నేను సూదితో ఒక రంధ్రం పొడిచి, మా తాతయ్య మగ్గం మీది తెల్లటి నూలుపోగు ఒకటి అందులో దూర్చి, వెనక ముడి వేశాను. దూరాలు కొలవడానికి. శనివారం చివరి గంటలో సారు పేపరు చదివి వినిపించేవారు. వియత్నాంలో ఊళ్ళ మీద బాంబులు పడుతున్న కాలం అది. ఆఫ్రికాలో బయాఫ్రా అనే చోట యుద్ధంలో తిండి అందక పిల్లలు చనిపోతున్న కాలం. మనుషులు ఎక్కడ చనిపోయారని పేపరు చెబితే అక్కడిదాకా నేను పోగు లాగి పట్టుకోవాలి. ఒకరు స్కేలు పెట్టాలి. మిగతావాళ్ళు గుణించాలి. పటం మీద అంగుళం అంటే భూమి మీద ఐదు వందల మైళ్ళు.

ఆ ఏడు సారు మమ్మల్ని ప్రపంచంలో ఈనాటి సమస్యల మీద వ్యాసం రాయమన్నారు. నేను నాలుగు పేజీలు రాశాను. వియత్నాం మూడు ముప్పావు అంగుళాలు, అంటే పద్దెనిమిది వందల డెబ్బై ఐదు మైళ్ళు. బయాఫ్రా తొమ్మిది ముప్పావు అంగుళాలు, అంటే నాలుగు వేల ఎనిమిది వందల డెబ్బై ఐదు. ఈ గొడవలన్నీ మనకు చాలా దూరం కనుక మనకు భయం లేదని చివర రాసి కింద గీత గీశాను. పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. పక్కన ఎర్ర సిరాతో ఒకే మాట ఉంది, ‘ఎందుకు?’ అని. లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను, తప్పు లేదు. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో చెప్పమని మూడుసార్లు సారు దగ్గరికి వెళ్ళాను. మూడుసార్లూ ఆయన నవ్వి, అది నువ్వే వెతుక్కోవాలమ్మాయ్ అన్నారు.

అది 1969. తెలంగాణ ఉద్యమం మా వీధుల్లోకి వచ్చేసింది. మా ఇంట్లో మేం ముగ్గురమే. అమ్మానాయనలు మహారాష్ట్రలోని భివండీకి, మరమగ్గాల పనికి పోయారు. ఇక్కడ మా తాతయ్య, నేను, జగిత్యాలలో కాలేజీ చదువుతూ సెలవులకు వచ్చిన మా చిన్నాయన. చిన్నాయనది ఉత్త ఆవేశం కాదు. తనతో చదివి పాసైనవాళ్ళు ఉద్యోగం కోసం ఏ ఆఫీసుకు పోయినా ఆ కుర్చీలో ఆంధ్ర వైపు మనిషి ముందే కూర్చుని ఉన్నాడని అతని కోపం. మా తాతయ్యా కాదనలేదు. మన రాజ్యం మనకు రావాల్సిందేనని మగ్గం మీద కూర్చునే అనేవాడు.

ఆ రోజు మంగళవారం. ఊరంతా బంద్. పొద్దున బస్టాండు దగ్గర విద్యార్థుల ఊరేగింపు మీద పోలీసులు లాఠీలతో పడ్డారు. చిన్నాయనతో జగిత్యాల నుంచి వచ్చిన స్నేహితుడొకడు, గొల్లపల్లి వైపు రైతు కొడుకు, కిందపడిపోయినా కొట్టడం ఆపలేదట. అతణ్ణి తలుపు చెక్క మీద మోసుకుని మా వీధిలోంచే తీసుకుపోయారు. ముంజేతి ఎముక చర్మం చీల్చుకుని తెల్లగా బయటికి వచ్చింది. ఆ పిల్లవాడు అరవడం లేదు, దవడలు మాత్రం కొట్టుకుంటున్నాయి. వెనక వస్తున్నవాళ్ళ కళ్ళు చూసి నేను గోడకు అతుక్కుపోయాను. కాసేపటికి బస్సుల అద్దాలు పగులుతున్న చప్పుడు, టైర్లు కాలుతున్న వాసన.

అప్పటికి నేను చేదబావి దగ్గర బిందెతో నిలబడి ఉన్నాను. గుంపు అటే వచ్చింది. ముందు మా చిన్నాయన. చొక్కా మీద స్నేహితుడి నెత్తురు. సెలవులకే ఊరికి వచ్చే అతనికి సారు ఉండే ఇల్లు తెలియదు.

“బిడ్డా, మీ భూగోళం సారు ఏ ఇంట్ల ఉంటడే?”

“ఈ బాయి కాడికెళ్ళి ఏడో ఇల్లు చిన్నాయినా. ఎడమ దిక్కు. నీలం తలుపు.”

అడిగిన వెంటనే చెప్పాను. తడుముకోలేదు. గుంపులో ఒకడు, “మస్తు లెక్క చెప్తది పోరి,” అని మెచ్చుకున్నాడు కూడా. నాకు సంతోషమేసింది. ఆ సంతోషం ఎంతసేపు ఉందంటే, వాళ్ళు ఆ ఏడిళ్ళు దాటేంతసేపు.

బిందెతోనే నేనూ వాళ్ళ వెనకే వెళ్ళాను. మొదటి రాయి కిటికీకి తగిలింది. తరవాత ఎన్ని పడ్డాయో నేను లెక్కపెట్టలేకపోయాను. రోకలి తెచ్చి తలుపు పగలగొట్టారు. పుస్తకాలు బయటికి విసిరి నిప్పంటించారు. మా పరీక్ష కాగితాల కట్ట అంచుల నుంచి నల్లబడి ముడుచుకుపోవడం చూశాను. సారు చేతులు రెండూ తలకు అడ్డం పెట్టుకుని గడపలోకి వచ్చారు, ఏదో చెప్పబోయారు. రాయి వచ్చి కనుబొమ మీద తగిలింది. వంగారు. వంగిన వీపు మీద ఇనుప కడ్డీ పడింది. తడి బట్టను బండకేసి బాదినట్టు చప్పుడైంది. ఆయన లోపలికి పాకి, పొగలో ఎవరికీ కనపడకుండా పెరటి గోడ ఎక్కి అవతలికి పడ్డారట. వీధి వేరైనా ఆ గోడకు అవతల ఉన్నది మా పెరడే.

నేను బిందె వదిలేసి సందులోంచి ఇంటికి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి మా తాతయ్య సారును చంకల కింద పట్టుకుని మగ్గం గుంటలోకి దించుతున్నాడు. మాది గుంట మగ్గం. నేతగాడు నేల మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలి, కింద ఉన్న చెక్కల్ని తొక్కుతూ నేస్తాడు. ఆ చెక్కల సందున, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని సారు ముడుచుకున్నారు. మా తాతయ్య పైన కూర్చుని పంచె గుంట మీదికి పరిచాడు. నన్ను చూసి, “రాట్నం కాడ కూసో. కండెలు చుట్టు. నోరు తెరవకు,” అన్నాడు. తరవాత పేకనూలు ఉన్న నాడెను పడుగు మధ్య నుంచి విసిరి, పలక లాగి కొట్టడం మొదలుపెట్టాడు. బంద్ నాడు ఊళ్ళో ఒక్క మగ్గం కూడా ఆడదు. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. మా తాతయ్యకు మతి పోయిందనుకున్నాను. ఆడుతున్న మగ్గం గుంటలో మనిషి ఉంటాడని ఎవరూ అనుకోరని నాకు తరవాత తెలిసింది.

ఆ చప్పుడుకే వచ్చారు. కొందరు వాకిట్లో ఆగారు, చిన్నాయనా, అతనితో వచ్చిన జగిత్యాల స్నేహితులు మరో ఇద్దరూ లోపలికి వచ్చారు.

“ఏం ముసలాయినా, ఊరంత బందు వెడితె నీకొక్కనికే ఆగుతలేదా?” అన్నాడు ఆ ఇద్దరిలో ఒకడు.

“మీ బందుకు నా కడుపు బందైతదా? మూతి మీద మీసం రాలె, రాజ్యం కావాల్నట. పోండ్రి, పోయి మీ అవ్వలను అన్నం పెట్టుమనుండ్రి!”

మన రాజ్యం రావాలని రోజూ అనే మనిషి నోట ఆ మాట విని నేను బిత్తరపోయాను. ఒకడు చేతిలోని సైకిల్ చైను విసిరాడు. అది మా తాతయ్య చెవి మీద పడి, తమ్మె చీలి, నెత్తురు భుజం మీదికి కారింది. ఆయన మగ్గం ఆపలేదు. రెండోవాడు పెరట్లోకి తొంగిచూసి, నెత్తురు చుక్కలు ఇటే వచ్చాయని అరిచాడు. నా వైపు తిరిగాడు.

“ఏ పోరీ, ఇందాక మంచిగ లెక్క చెప్పినవు గదా. గిటు ఎవలన్న అచ్చిన్రా?”

రాట్నం మీద నా పోగు తెగిపోయింది. “నాకు తెల్వది,” అన్నాను. తెలిసిన దాన్ని తెలియదని చెప్పడం నా జీవితంలో అదే మొదటిసారి.

అప్పుడు మా చిన్నాయన మగ్గం దగ్గరికి వచ్చాడు. వాళ్ళిద్దరూ సేద్యం చేసే ఇళ్ళ పిల్లలు, వాళ్ళకు కనిపించనిది అతనికి కనిపించింది. నాడె అటూ ఇటూ పోతోంది కానీ, చెక్క తొక్కినప్పుడల్లా పైకీ కిందికీ మారాల్సిన పడుగు పోగులు మారడం లేదు. వేసిన పేక వేసిన సందులోనే పడుతోంది. అంటే తాతయ్య కాళ్ళు చెక్కల మీద లేవు. నేతగాడి కాళ్ళు గుంటలో ఆడటం లేదంటే అక్కడ కాళ్ళకు చోటు లేదన్నమాట. తండ్రీ కొడుకులు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఎంతసేపో చెప్పలేను. నేను లెక్కపెట్టని సమయాల్లో అదొకటి.

చిన్నాయన గోడకున్న కొడవలి లాగాడు. “తెలంగాణకు అడ్డమచ్చింది మా నాయినైతె మాత్రం ఏంది!” అని అరుస్తూ పడుగు మీద వేటు వేశాడు. బిగించి కట్టిన పోగులు ఒక్కసారిగా తెగిన చప్పుడు నేను ఈనాటికీ చెప్పలేను. ఇంకో వేటు, ఇంకో వేటు. తెగిన పడుగంతా కుప్పగా గుంట మీద, మా తాతయ్య ఒడిలో కూలింది. మా తాతయ్య గుండెలు బాదుకుని ఏడ్చాడు. అది నటన కాదు. అరవై గజాల పడుగులో నేసింది పద్దెనిమిది గజాలే. వాకిట్లో ఉన్నవాళ్ళు కేకలు వేశారు. వాళ్ళ కోపానికి కోయడానికి ఒకటి దొరికింది. “పాండ్రి, మానేరు వాగు దిక్కు ఉరికి ఉంటడు,” అని చిన్నాయన వాళ్ళను తోసుకుంటూ బయటికి తీసుకుపోయాడు.

గంట తరవాత ఒక్కడే వచ్చాడు. వాకిట్లో కూర్చుని చేతులు కడుక్కున్నాడు. ఆ తరవాత లోపలికి వచ్చి, తన చేతులతోనే పోగులు తప్పించి సారును పైకి లాగాడు. నేసిన పద్దెనిమిది గజాల్లోంచి ఒక గజం చింపి మా తాతయ్య సారు తలకు కట్టాడు.

మర్నాడు పొద్దున సారును బట్టల మూటల మధ్య బండిలో పడుకోబెట్టారు. కామారెడ్డిలో రైలెక్కించాలి, సడకు మీద కాకుండా కోనరావుపేట వైపు చుట్టుదారిలో వెళ్ళాలి. బండి చిన్నాయనే తోలుతానన్నాడు. మూటలు సర్దుతుండగా నేను సారు దగ్గరికి వెళ్ళాను. రాత్రంతా నాకు నిద్ర లేదు. ఇల్లు చూపించింది నేనే సార్ అన్నాను. చేదబావి నుంచి ఏడోదని నేనే చెప్పానన్నాను. ఆయన ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండో కంటితో నన్ను చూశారు.

“వాళ్ళు అడిగినప్పుడు, ఎందుకని అడిగావా?”

“అడగలేదు సార్.”

“ఆ మార్కు అక్కడ పోయిందమ్మాయ్,” అన్నారు.

కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. బండి కదిలింది. ఆయన మళ్ళీ మా ఊరు రాలేదు. గుంటూరు నుంచి మా తాతయ్యకు ఒక కార్డు వచ్చింది, ఎడమ కంటికి చూపు కొంచెం తగ్గిందనీ తక్కినదంతా బాగుందనీ.

తెగిన పడుగును మేం ముగ్గురం అతికాం. రెండు వేల నూట అరవై పోగులు. ఒక్కొక్క పోగు కొనకు దాని కొన వెతికి ముడి వేయాలి. రోజుకు ఐదు వందల నలభై చొప్పున నాలుగు రోజులు పట్టింది. చిన్నాయన తల ఎత్తకుండా ముడులు వేశాడు. మా తాతయ్య అతణ్ణి ఒక్క మాట అనలేదు. మూడో రోజు మాత్రం, “కోసేటప్పుడు జర వంకర లేకుండ కోస్తె ఏమాయెరా, అతుకుటానికి సులువుండు,” అన్నాడు. చిన్నాయన నవ్వబోయి ఏడ్చాడు. రాజ్యం కోసం అతను ఆ తరవాత కూడా జెండా పట్టుకున్నాడు, రెండుసార్లు జైలుకు పోయాడు. రాయి మాత్రం మళ్ళీ పట్టుకోలేదు.

బడి తెరిచాక నేను పటం దగ్గరికి వెళ్ళి గుంటూరుకు పోగు లాగి చూశాను. అంగుళంలో మూడో వంతు. వియత్నాం, బయాఫ్రా కూడా ఆ పటం మీదే ఉన్నాయి, నేను కొలిచిన చోటే. అక్కడ కూడా ఎవరో ఒకరు బావి నుంచి ఎన్నో ఇల్లో, తలుపు ఏ రంగో చెప్పి ఉంటారు. లెక్క తప్పు లేకుండానే చెప్పి ఉంటారు. నా వ్యాసంలో మైళ్ళన్నీ ఉన్నాయి, ఆ ఇల్లు లేదు.

ఇప్పుడు టీవీలో యుద్ధం గురించి చెబుతూ పటం మీద ఎర్ర చుక్కలు పెడతారు. మా ఇంట్లో వాళ్ళు అది ఇక్కడికి ఎంత దూరమని నన్నే అడుగుతారు, చెబుతాను. చెప్పి, ఆ చుక్క కింద ఎన్ని తలుపులుంటాయో చూస్తూ కూర్చుంటాను. ఇంకో అలవాటు కూడా మిగిలింది. మొన్న పార్సిల్ తెచ్చిన కుర్రాడు మా వీధిలో ఒకరి పేరు చెప్పి, ఇల్లెక్కడ అవ్వా అన్నాడు. ఎందుకు బిడ్డా అన్నాను. చేతిలో డబ్బా చూపించి, “కుక్కర్ అవ్వా, బాంబు కాదు,” అని నవ్వాడు. డబ్బా మీది చీటీ కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, అప్పుడు చెప్పాను. మలుపు నుంచి కుడి వైపు, నాలుగో ఇల్లు.