మేష్ట్రు మైకు

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా రేడియోలో వాద్యబృందం కచేరీ, నేరుగా ప్రసారం. రికార్డు చేసి, తప్పులు కోసేసి, మెరుగుపెట్టి వినిపించడం నాకు మొదటినుంచీ గిట్టదు. తప్పు పోతే పోనీ, ఆ గంటలో వాయించింది ఆ గంటలోనే జనం చెవిన పడాలని పట్టుబట్టి ఈ కార్యక్రమం పెట్టించుకున్నది నేనే. అలాంటి నేను ఒక వానాకాలమంతా, ఆదివారం వస్తే చాలు, ఒక మనిషి మైకు మూసిపెట్టి కూర్చున్నాను. ఆ మనిషే అలా చెయ్యమని అడిగాడు.

మాది చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీ ఆవరణలో ఉన్న చిన్న ఎఫ్ఎం. టవరు సిగ్నల్ చుట్టుపక్కల ఊళ్ళు దాటితే గొప్ప. ఆపైన వినాలంటే యాప్ పెట్టుకోవాలి, అందులో పాట అర నిమిషం వెనకబడి వస్తుంది. వాద్యగాళ్ళు మాత్రం చింతామణి నుంచి, గౌరిబిదనూరు నుంచి, బాగేపల్లి నుంచి బస్సులెక్కి వస్తారు. వయొలిన్లు, వీణ, పిల్లనగ్రోవి, మృదంగం, కంజీర. అందరికీ నడుమ కూర్చునేది మేష్ట్రు.

ఆయన బాగేపల్లిలో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. మా వైపు పంతుల్ని మేష్ట్రు అనే అంటాం. నాకు వయొలిన్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. నేను దాన్ని నిలబెట్టుకోలేదు, అది వేరే ఏడుపు.

మా బృందానికి ఒక పద్ధతి ఉంది. పెద్దాయన కమాను లాగి షడ్జం పలికిస్తే మిగిలినవాళ్ళు తమ తీగల్ని దానికి కలుపుకోవాలి. పక్కన శృతిపెట్టె మోగుతున్నా సరే, పెద్దాయన తీగే శృతి. అట్లాగే మంగళం మొదటి వరుస ఆయనొక్కరే వాయించాలి. రెండో వరుసలో అందరూ అందుకుంటారు.

ఆషాఢంలో ఒక ఆదివారం మేష్ట్రు తీగ కాస్త పైకి పోయింది. శృతిపెట్టె ఏదో గోల చేస్తోందని ఆయనే ఆపించేశారు. వయొలిన్లూ వీణా మారుమాట లేకుండా ఆయన తీగకే కలుపుకున్నాయి. మృదంగమాయన కూడా రాయితో కొట్టి శృతి పెంచుకున్నాడు. పిల్లనగ్రోవి ఏం చేస్తుంది? బిగించుకోడానికి వెదురుకేమైనా తీగలుంటాయా? గంటసేపు అందరూ కలిసికట్టుగా తప్పులో ఉండేసరికి, సరిగ్గా ఉన్న పిల్లనగ్రోవి ఒక్కటే అపస్వరంలా వినిపించింది.

కచేరీ అయ్యాక శ్రోతల ఫోన్లు తీసుకోవడం మా అలవాటు. ఆవేళ ఫోన్ చేసినవాళ్ళందరూ పిల్లనగ్రోవి ఆయన్ని ఇంకొంచెం సాధన చెయ్యమన్నారు. ఆయనకు చింతామణిలో బట్టలంగడి ఉంది, నోరున్న మనిషే. అయినా పెద్దాయన ముందు కక్కలేక మింగలేక మెడ వంచుకుని కూర్చున్నాడు. పిల్లి మెడలో గంట కట్టేవాళ్ళు లేక మేమంతా తేలు కుట్టిన దొంగల్లా ఉండిపోయాం.

తరువాతి ఆదివారం మేష్ట్రు ముందే వచ్చి నన్ను వరండాలోకి పిలిచారు. డాక్టరుకు చూపించుకున్నారట. ఎడమ చెవి పూర్తిగా పోయిందనీ, కుడిది కూడా అదే దారిలో ఉందనీ చెప్పారట. గడ్డం కింద వయొలిన్ అదురుతుంది కాబట్టి వాయిస్తున్నట్టు తెలుస్తోంది, అంతేనట.

"మొన్న పిల్లనగ్రోవాయప్ప మొగం చూస్తే తెలిసిపోయిందమ్మా," అన్నారు. "నా మైకు తగ్గించేయి. నేను ఊరికే కూర్చోని మెల్లగా వాయించుకుంటా. మా ఇంట్లో ఆమెకు మాత్రం తెలియకూడదు. తెలిస్తే ఒక్కన్నే బస్సెక్కనీదు. ఈ ఆదివారం కూడా లేకపోతే నాకింకేముండాది?"

వాళ్ళావిడను నేను చిన్నప్పటినుంచీ అమ్మా అనే పిలుస్తాను. మోకాళ్ళు పట్టేసి ఆమె గడప దాటడం మానేసింది. ఆదివారం టాబ్‌లో యాప్ పెట్టుకుని కచేరీ వినడం, ఆయన ఇల్లు చేరగానే ఏ కృతి ఎట్లా వచ్చిందో చెప్పడం, అదే ఆమెకు వారమంతటి సంబరం. మరి ఇంట్లో ఇంకా తెలియలేదా అని అడిగాను. మొగుడు మాట వినిపించుకోకపోవడం ఆమెకేమీ కొత్త కాదన్నారు మేష్ట్రు. నవ్వబోయి నవ్వలేకపోయాను. సరేనన్నాను గానీ ఆ పూటంతా ఎవరిమీదో కోపంగా ఉంది నాకు. ఎవరిమీదా కాదనీ, అది ఉత్త దిగులేననీ ఇంటికి పోయాక తెలిసింది.

మిగతావాళ్ళకు సంగతి నేనే చెప్పాను. అప్పటినుంచీ మేష్ట్రు రాకముందే అందరూ శృతిపెట్టెకు కలిపేసుకునేవాళ్ళు. ఆయన కమాను లాగగానే బిరడాలు ఊరికే తాకి కలుపుకున్నట్టు నటించేవాళ్ళు. మంగళం మొదటి వరుసను వెనక కూర్చున్న గౌరిబిదనూరు అమ్మాయి ఆయన చెయ్యి చూస్తూ వాయించేది. నేను ఆయన మైకు దించి ఆమెది పెంచేదాన్ని. కచేరీలు చక్కగా వచ్చాయి. మెచ్చుకుంటూ ఫోన్లు కూడా వచ్చాయి. అవి వింటుంటే నాకు ఒళ్ళు మండేది.

వానాకాలం చివర్లో ఒక ఆదివారం మంగళం ముగించి ఫోన్లు తెరిచాను. మొదటి ఫోన్ బాగేపల్లి నుంచి. గొంతు వినగానే అమ్మేనని గుర్తుపట్టాను. ఆమె పక్కన టాబ్‌లో, మేం అప్పటికే ముగించిన మంగళం ఇంకా సాగుతూ ఉంది.

"మంగళం ఎత్తుకునింది మా ఆయప్ప కాదమ్మా," అంది. "కొన్ని వారాలుగా ఇట్లే వినపడతాండాది. ఈ పొద్దు వాన పడతాండాది. ఆయప్ప ఆడికొచ్చినాడా, దోవలో యాడన్నా పడిపోయినాడా?"

ఇదంతా ప్రసారంలో పోతోంది. వచ్చారమ్మా, నా ఎదురుగానే ఉన్నారన్నాను. ఆమె నమ్మలేదు. అయితే ఒక్క మాట మాట్లాడించమంది.

మేష్ట్రు నా పెదాలకేసి చూస్తున్నారు. ఫోన్ చూపించి, అమ్మ అని గట్టిగా చెప్పాను. ఆయనకు అర్థమైంది సగమే. ఆమె ఏదో వినాలని అడుగుతోందనుకుని మురిసిపోయి వయొలిన్ ఎత్తుకున్నారు. పిల్లనగ్రోవి ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ పక్కన ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే ఇంకేం చెయ్యను? మేష్ట్రు మైకు పూర్తిగా తెరిచాను.

ఆయన మంగళం మొదటి వరుస వాయించారు. శృతి ఎక్కడో, ఆయన ఎక్కడో. చివర స్వరం మీదికి జారే ఆ జారుడు మాత్రం ఆయనదే, ఇంకెవరికీ రాదు. ఫోన్లో గరగరమంటోంది, ఆగమ్మా, ఇందులో వింటానంది ఆమె. అర నిమిషానికి అదే వరుస ఆమె టాబ్‌లోంచి, ఫోన్ గుండా, తిరిగి మా గదిలోకి వచ్చింది.

"ఆయప్పేలే," అంది చివరికి. ఆ వెంటనే అడిగింది: "ఎన్నాళ్ళనుంచమ్మా ఇట్ల?"

చీకటి పడకముందే బస్సెక్కించమని చెప్పి ఫోన్ పెట్టేసింది.

మేష్ట్రు కమాను ఒళ్ళో పెట్టుకుని నాకేసి చూశారు. "బాగుండాదన్నిందా?" అని అడిగారు.

ఆయన మైకు ఇంకా తెరిచే ఉంది. నేను అవునని తల ఊపాను. అర నిమిషం తరువాత బాగేపల్లిలో ఆమెకు ఆయన అడిగింది వినిపించి ఉంటుంది. నేను తల ఊపింది వినిపించి ఉండదు.