అక్క చేతి రొయ్యలు

మొన్న వేసవిలో తుమకూరులో మా అబ్బాయి ఇంట్లో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం టీవీ పక్కనున్న గాజు పెట్టెలో నీళ్లు బాగా తగ్గిపోయి ఉండటం చూసి, అందులో తిరుగుతున్న ఎర్రటి చిట్టి రొయ్యల మీద జాలి కలిగి, నా మంచం పక్కన ఎప్పుడూ ఉంచుకునే రాగి చెంబు తీసుకెళ్లి అందులో వంచబోయాను. వంటింట్లోంచి కోడలు పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకుంది. అత్తగారి చెయ్యి పట్టుకోవడం తనకే సిగ్గనిపించిందో ఏమో, వెంటనే వదిలేసి, "పొయ్యొద్దత్తా, రాగి తగిలిన నీళ్లు ఈటికి పడవు. మనకి మంచిదే గానీ, ఇవి సచ్చిపోతాయి" అంది. ఆ తర్వాత పాపం నా పక్కన కూర్చుని చాలాసేపు చెప్పింది. రొయ్యలు కారణం తెలియకుండా పోతున్నాయంటే ముందు నీళ్లను అనుమానించాలట, కుళాయి నీళ్లు పట్టి నిలవ ఉంచి పోయాలట, ఒక్కసారిగా మార్చకూడదట, ఇంట్లో దోమల మందు కొట్టకూడదట, అన్నిటికన్నా ముఖ్యంగా రాగీ ఇత్తడీ వాటి దరిదాపులకు రాకూడదట, మన కంటికి కనబడనంత కరిగినా చాలట. నేను తల ఊపుతూనే ఉన్నాను గానీ సగం మాటలు చెవికెక్కలేదు. చెంబు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నలభై ఏళ్ల కిందట మా పెరట్లో రాతి తొట్టి ముందు గొంతుక్కూర్చున్న మా అక్క కళ్ల ముందుకొచ్చింది.

మాది పావగడ తాలూకాలో నాగలమడిక పక్కన పల్లె. పినాకిని ఏరు మా ఊరి పక్కనే ఉందని చెప్పుకోవడమే గానీ, మాకు తెలిసిన పినాకిని అంటే ఇసుక. ఎప్పుడో ఒక ఏడు పైన గట్టి వాన కొడితే ఎర్రటి నీళ్లు వచ్చి, ఊరంతా ఒడ్డున నిలబడి చూసి, ఆ తర్వాత గుంటల్లో కొన్నాళ్లు మిగిలి, చివరికి అవీ ఎండిపోయేవి. అప్పుడు ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకుని, మట్టి కడవల్లో తెచ్చుకునేవాళ్లం. మా ఈడు వాళ్లకు ఆ నీళ్ల రుచి ఇంకా నాలుక మీదే ఉండి ఉంటుంది. చేలల్లో వేరుశనగ తప్ప మరో మాట లేదు. వాన పడితే కాయ, పడకపోతే పొట్టు. పెళ్లిళ్లూ బట్టలూ బడి పుస్తకాలూ అన్నీ ఆ కాయ మీదే ఆధారపడి ఉండేవి కాబట్టి, విత్తనం వేసే రోజు మా ఇళ్లలో పండగ కంటే ఎక్కువ భయభక్తులుండేవి. నాగలికి పసుపు కుంకుమ పెట్టాక, దున్నిన మొదటి సాల్లో మొదటి పిడికెడు విత్తనం వేసే చెయ్యి మంచి చెయ్యి కావాలి.

మా ఇంట్లో ఆ చెయ్యి అక్కది. నాకన్నా ఐదారేళ్లు పెద్దది. తను ఏం నాటినా మొలిచేది, పెరట్లో తను పెట్టిన చిక్కుడు పాదు గోడ దాటి పక్కింటి వాళ్లకు కూడా కూర పెట్టేది. కోడిని పొదగేసేటప్పుడు గుడ్లు కిందపెట్టడానికి ఊళ్లో వాళ్లు అక్కను పిలుచుకుపోయేవారు, ఆమె చేత్తో పెడితే ఒక్క గుడ్డూ మురగదని వాళ్ల నమ్మకం. అక్క పైకి ఏమీ అనేది కాదు గానీ, అలా పిలిచిన రోజు జడ విప్పి మళ్లీ నున్నగా అల్లుకుని వెళ్లేది. గొప్పలు పోవడం తెలియని మనిషికి అదొక్కటే గొప్ప.

ఒక ఎండాకాలం నాన్న చెలమ తవ్వడానికి పోయి, పక్కనే చివరి గుంట ఆరిపోతూ ఉంటే, బురదలో గిలగిలలాడుతున్న చిన్న చిన్న రొయ్యలను మట్టి ముంతలోకి ఎత్తుకుని వచ్చాడు. గాజులాగా లోపలున్నదంతా బయటికి కనబడే రొయ్యలు. కూరకూ పనికిరానంత చిన్నవి. "పారెయ్యబుద్ధి కాలేదు పాపా, విత్తనమన్నా మిగలనీ. ఏరు వచ్చినప్పుడు మళ్లా వదులుదాం" అని అక్క చేతికే ఇచ్చాడు. వేరుశనగలో విత్తనానికి దాచినట్టే అన్నమాట. ఆ మాట అక్క మనసులో ఎంత లోతుగా నాటుకుందో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

పెరట్లో, ఎద్దులు అమ్మేశాక ఖాళీగా పడి ఉన్న రాతి తొట్టిని అక్క ఇసుకతో తోమి, అడుగున ఏటి ఇసుకా గులకరాళ్లూ పరిచి, గుంట నుంచి తెచ్చిన నాచు వేసి, చెలమ నీళ్లు పోసి రొయ్యలను వదిలింది. ఉడికించిన ఆకు చిన్న ముక్క, వేరుశనగ చెక్క నలిపి చిటికెడు, అంతే తిండి. మిగిలితే నీళ్లు చెడతాయని ఎవరూ చెప్పకుండానే గ్రహించింది. ఒక ఉదయం నీళ్ల మీద రొయ్య తేలుతోందని నేను ఏడుపు మొదలుపెడితే, అక్క దాన్ని వేలి మీదికి తీసుకుని, లోపల ఏమీ లేని ఉత్త కుబుసమని చూపించి నవ్వింది. ఇంకొన్నాళ్లకు ఒకదాని పొట్ట కింద ఆవగింజల్లాంటి గుడ్లు కనబడ్డాయి, ఆ తర్వాత నాచులో వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు. ఆ రోజుల్లో ఉన్నంత సంతోషంగా అక్క ఉండటం నేను మళ్లీ చూడలేదు.

ఎండ ముదిరి చెలమలు కూడా ఎండిపోయాయి. నీళ్లకు ఊరి చివరి బోరింగు దగ్గర వరసలో నిలబడవలసి వచ్చింది. కష్టపడి తెచ్చిన ఆ నీళ్లు మట్టి కడవలో ఆవిరైపోతాయని, అమ్మ తన పెళ్లినాటి రాగి హండా అటక మీద నుంచి దింపి, చింతపండుతో తళతళలాడేలా తోమి, అందులో నింపి మూత పెట్టేది. మేము తాగేది ఆ నీళ్లే. రొయ్యలకు కడుగునీళ్లు పోయమంటే అమ్మకు మనసొప్పలేదు. "అవి కూడా మన ఇంటి జీవాలే కదా, మనం తాగే నీళ్లే పోద్దాం" అని, తన వాటా తగ్గించుకుని మరీ రోజూ సాయంత్రం ఒక చెంబు ఇచ్చేది. అక్క భక్తిగా అందుకుని, అంచు మీదుగా మెల్లగా పోసేది.

అప్పటినుంచి చావులు మొదలయ్యాయి. ముందు పిల్లలు మాయమయ్యాయి. తర్వాత పెద్దవి, నీళ్లలో పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ కొట్టుకుని, ప్రక్కకు వాలి, ఉడికించినట్టు తెల్లబడిపోయేవి. ఎండ దెబ్బేమోనని అక్క తొట్టి మీద తడి గోనెపట్టా కప్పింది. చెక్కలో ఏదైనా కలిసిందేమోనని తిండి మానిపించింది. నాన్న చేలో చల్లే పురుగుల మందు పొడి గాలికి వచ్చి పడిందేమోనని ఆ డబ్బా తీసుకుపోయి కళ్లం గుడిసెలో పెట్టాడు. మా అవ్వ, అంటే నాన్న తల్లి, తొట్టిలో వేలు ముంచి చూసి, "బోరు నీళ్లకి కాక ఉండాది. రాత్రంతా హండాలోనే సల్లారనీ, తెల్లారి పోద్దువు" అంది. అక్క అలాగే చేసింది. సాయంత్రం పోసే నీళ్లు రాత్రంతా రాగిలో నిలిచి తెల్లారి పోసే నీళ్లయ్యాయి. చావులు ఎక్కువయ్యాయి. చివరికి అవ్వ గంగమ్మకు దండం పెట్టుకుని, తన సంచిలో దాచుకున్న పాతకాలపు రాగి కాసు తీసి, కళ్లకద్దుకుని తొట్టిలో వేసింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు అవ్వ మీద కోపం రాదు, అమ్మ మీదా రాదు. మా ఇంట్లో ఉన్న అన్నిటికన్నా శుద్ధమైన వస్తువు రాగి. ఉన్నవాటిలో మంచిదే పెట్టారు, పెట్టిన ప్రతిసారీ ఒకటి చనిపోయింది.

ముంగారులో, అంటే తొలకరిలో, నాలుగు చినుకులు పడితే బాడుగ ఎద్దులతో విత్తనం వేశారు. మొదటి పిడికెడు అక్కే వేసింది. ఇంటికి వచ్చేసరికి తొట్టిలో మిగిలిన ఒక్క రొయ్యా వెల్లకిలా తేలుతోంది. ఆ తర్వాత మబ్బు ముఖం చూపలేదు. మొలిచిన మొలకలు మొలిచినట్టే మాడిపోయాయి. తాలూకా అంతా అలాగే మాడింది, అది అందరికీ తెలుసు. అయినా బోరింగు దగ్గర ఎవరో ఒకామె, చెడ్డ మనసుతో కూడా కాదు, మాటవరసకు అన్నట్టుగా, "పెద్దదాని చెయ్యి చెడినట్టుండాది, తొట్టిలో రొయ్యలన్నీ పోయినాయంట గదా" అంది. కడవ నింపుకుంటున్న అక్క విన్నది. ఆ తర్వాత గుడ్లు పెట్టడానికి రమ్మని ఎవరూ పిలవలేదు.

మరుసటి ఏడు నాగలి పూజ అయ్యాక అక్క అలవాటు ప్రకారం చెయ్యి కడుక్కుని ముందుకు వచ్చింది. నాన్న విత్తనాల చేట పట్టుకుని ఎటూ చూడకుండా, "ఈ ఏడు చిన్నది ఏస్తాదిలే" అన్నాడు. అక్క తడి చెయ్యి పావడాకు తుడుచుకుని వెనక్కి జరిగింది. నేను వేశాను. ఆ ఏడు వానలు అదునుకు పడ్డాయి, కాయ విరగకాసింది. ఊరంతా నా చేతిని మెచ్చుకుంది. వానకేం తెలుసు, అది అక్కమీద తీర్పు చెప్పి పోతోందని. ఆ ఒక్క పంట రాకపోయి ఉన్నా బాగుండేదని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

పెళ్లయ్యాక అక్క పావగడ అవతల ఒక పల్లెకు వెళ్లింది. చేలో కలుపు తీసేది, కాయలు పీకేది, మోసేది, విత్తనం మాత్రం ముట్టేది కాదు. ఇంటి ముందు ఒక పువ్వు మొక్క కూడా పెట్టలేదు. మొదటి బిడ్డ నెల తిరగకుండానే పోతే చూడటానికి వెళ్లాను. ఏడవలేదు. గోడకు ఆనుకుని, తన అరచేతుల వైపు చూసుకుంటూ, "రొయ్యలే నిలవలేదు పాపా నా చేతిలో, బిడ్డెట్ల నిలుస్తాది" అంది. ఆ తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టి చక్కగా పెరిగినా, ఆ మాట ఆమెలోంచి పోలేదు. మా అబ్బాయిని ఉయ్యాల్లో వేసే రోజు పెద్దమ్మవు నువ్వే వెయ్యాలని ఎంత బతిమాలినా, గడప దగ్గరే నిలబడి, "నాకెందుకులే, నువ్వే ఎయ్యి, నీ చెయ్యి మంచిది" అంది. అలా గడప దగ్గర నిలబడే బతుకంతా గడిపి, రెండేళ్ల కిందట వెళ్లిపోయింది.

ఆ ఉయ్యాల్లో పెరిగిన అబ్బాయి ఇంట్లోనే ఇన్నాళ్లకు నాకు సంగతి తెలిసింది. చెబుదామంటే అక్క లేదు. అమ్మా అవ్వా ఎప్పుడో పోయారు, వాళ్లకు తెలియకపోవడమే మంచిదైంది. పినాకిని ఇసుక కూడా లారీలకెక్కి పోయింది. మా చేను లీజుకిచ్చేశారు, అక్కడిప్పుడు సోలార్ కరెంటు పలకలు వరసగా ఎండకు ముఖం పెట్టుకుని ఉన్నాయి, ముంగారు వచ్చినా రాకపోయినా వాటికి ఒకటే, ఎవరి చెయ్యి మంచిదని అడిగేవాళ్లు లేరు. ఇప్పటి పిల్లలు రొయ్య చనిపోతే ఏమైందని నీళ్లను అడుగుతారు. మేము మనిషి చేతిని అడిగాం.

ఊరు మెచ్చిన మంచి చెయ్యి నాది. మొన్న రాగి చెంబు వంచబోయింది ఆ చెయ్యే. సమయానికి కోడలు వచ్చి పట్టుకుంది గనుక సరిపోయింది. అక్క చెయ్యి పట్టుకుని ఆపడానికి ఆ పెరట్లో తెలిసినవాళ్లు ఒక్కరూ లేకపోయారు.