వినని పిల్ల

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పెద్దాయనను అందరూ భూతద్దం మామయ్య అంటారు. ముక్కు కొసన కళ్లజోడు, చెవి మీద ఎర్ర కలం, వరుస కింద గీటుబద్ద. కథలో పడితే తప్పులు కనిపించవని ఏ నవలనైనా చివరి పేజీ నుంచి వెనక్కి దిద్దుకొస్తాడు. ఇరవై ఆరేళ్లలో ఎవరిచేతా మాట పడలేదు. మొన్నటి నవలకు మాత్రం చివరి అధ్యాయం ఆలస్యమై, మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ కథలో పన్నెండు మందిని మేడలో పెట్టి తాళం వేస్తారు. ఆటలో ఓడితే చావే. మామయ్య ఆ మధ్యాహ్నం క్యారేజీ మూత తీయలేదు. మిగిలిన ఒక్క పిల్ల ఎడమ తలుపు మీద చెయ్యి వేసేసరికి గీటుబద్ద కిందపడింది, కలం మార్జిన్‌లో ఏదో రాసేసింది. ఎర్ర సిరాలో ఏముంటే అది మారుమాట లేకుండా చేర్చడం కంపోజింగ్ చేసే ఆవిడ పద్ధతి.

వెయ్యి ప్రతులు అచ్చయ్యాక యజమాని ఆ పేజీ పైకి చదివాడు. "'అటు వెళ్లకు తల్లీ, నా మాట విను!' ఎవరండీ ఈ మనిషి? ఆ గదిలో పిల్ల తప్ప పురుగైనా లేదే! రచయితకేం చెప్పను? మిమ్మల్ని ఇంకా ఈ పనిలో ఎలా ఉంచను?"

మామయ్య పుస్తకం అందుకుని, గీటుబద్ద పెట్టి, వరుస వరుసా చదివాడు. ముఖం వాడిపోయింది.

"అచ్చులో చెప్పినా వినలేదండీ. ఈసారీ తలుపు తీసేసింది."

యజమాని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"తీస్తే?"