రాయికి గొంతు పెట్టిన మాస్టారు

మానవుడు నిప్పు కనిపెట్టిన రోజున పక్కన ఎవరున్నారో ఎవరికీ తెలియదు. మా ఫిజిక్స్ మాస్టారు రాయికి గొంతు పెట్టిన రోజున మాత్రం పక్క గదిలో నేనున్నాను. చరిత్ర చెప్పుకుని బతికేవాణ్ణి. ఇంతటి ఘట్టాన్ని నమోదు చేయకపోతే తిన్నది అరగదు. ఆయన ఇప్పుడు లేరు గనక కాదనేవారూ లేరు.

పాఠాల కోసం ఆయన కంప్యూటర్లో కదిలే బొమ్మలు తయారుచేసేవారు. పిల్లలు మీట నొక్కితే రాయి పైకి లేస్తుంది, లోలకం ఊగుతుంది, కాంతికిరణం నీళ్ళలోకి దిగి వంగుతుంది. ఒక ఏడాది ఉన్నట్టుండి వాటన్నిటికీ నోరొచ్చింది. రాయి వేగంగా పోతే సన్నగా కీచుమంటుంది, నెమ్మదిస్తే గొంతు బొంగురుపోతుంది, ఆగితే మౌనం. లోలకం మూలుగుతుంది. కిరణం వంగినప్పుడల్లా నడుం పట్టినట్టు టింగుమంటుంది.

పక్క గదిలో నా రాజుగారు కత్తి దూసి గుర్రమెక్కేసరికి గోడ అవతల 'కుయ్'మనేది. క్లాసంతా గొల్లున నవ్వేది. ఆ ఏడాది నేను ఒక్క యుద్ధమూ గౌరవంగా గెలవలేదు.

"మాస్టారూ, బొమ్మంటే కంటికి కదండీ. మధ్యలో చెవుల జోలికెందుకు?" అంది లెక్కల మేడమ్.

"చెవులు ఖాళీగానే ఉంటాయి కదమ్మా."

"మావి ఖాళీగా లేవు. మీ రాయి కాపురం పెట్టేసింది."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏ రాయండీ? పైకి విసిరిందా, జారవిడిచిందా?"

ఇంట్లో వాళ్ళావిడదీ ఇదే మొర. "అన్నయ్యగారూ, కుక్కర్ కూతేస్తే ఎవరైనా పొయ్యి కట్టేస్తారు. ఈయన 'ఉండవే, ఈ కూత జారే బండికి సరిపోతుంది' అంటారు. పప్పు మాడినా ఫరవాలేదట, కూత పోకూడదట."

చివరికి హెడ్మాస్టరుగారు పిలిపించారు. "ఆ చప్పుడు తీసేయండి, లేదా కంప్యూటర్ గది తాళం ఇచ్చేయండి. సోమవారం పై అధికారి వస్తున్నారు, ఆయనే తేలుస్తారు."

"కొన్నాళ్ళు ఓపిక పట్టండి సార్."

"కారణం చెప్పండి, పడతాను."

"రాయి అలవాటు పడిపోయింది సార్."

ఇలాంటి జవాబులతో ఉద్యోగం నిలబడదని చెప్పడానికి నేను ఆయన క్లాసుకు వెళ్ళాను. గుమ్మంలోనే ఆగిపోయాను. అందరూ తెరవైపు ముఖం పెడితే ముందు బల్లమీద కూర్చున్న ఒక పిల్ల చెవి పెట్టింది. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకూ గోడవైపు చూస్తూ జవాబు చెప్పింది.

బయటికొచ్చాక ఆయనే అన్నారు. "చూపు పోతోందండీ ఆ పిల్లకి. వైద్యం లేదన్నారట. కాగితమైతే ముక్కుకి ఆనించుకుని చదువుతుంది, తెర మాత్రం ఆనదు. ఇంతగా పోయిందని తెలిస్తే వాళ్ళ నాన్న బడి మాన్పించేస్తాడు; చూపు లేనిదానికి బడెందుకని ముందే అన్నాడు. ఈ పెద్ద పరీక్ష గట్టెక్కితే పాసైన పిల్ల అవుతుంది. అప్పుడు నేను మాట్లాడతా. అందాకా ఎవరికీ తెలియకూడదు."

"దానికి ఊరంతా కూతలెందుకండీ? ఆ పిల్లకొక్కదానికే చెవిలో పెట్టుకునేది కొనిస్తే పోయేదిగా."

"అప్పుడు అందరూ దాన్ని చూస్తారు. ఇప్పుడు నన్ను చూసి నవ్వుతున్నారు. నాకేం పోయింది?"

సోమవారం పై అధికారి వచ్చారు. హెడ్మాస్టరుగారు పక్కన నేరస్థుణ్ణి అప్పగించేవాడిలా నిలబడ్డారు. మా మాస్టారు చేతులు కట్టుకుని, "ఈ బొమ్మను కళ్ళు మూసుకుని చూడాలండీ," అన్నారు. క్లాసంతా కళ్ళు మూసుకుంది. పదవికి లోటని కాసేపు తటపటాయించి అధికారీ మూసుకున్నారు. ఎందుకైనా మంచిదని హెడ్మాస్టరుగారూ మూసుకున్నారు. గదిలో తెరిచి ఉన్నవి మా మాస్టారి కళ్ళు, గుమ్మంలో నిలబడ్డ నావీ. అవీ సరిగ్గా ఆనడం లేదు.

రాయి కీచుమంటూ లేచి, బొంగురుపోయి, ఆగిపోయింది. మాస్టారు మీట నొక్కి బొమ్మను అక్కడే పట్టి ఉంచారు.

"ఇప్పుడు రాయి ఎక్కడుందండీ?"

"కింద పడిపోయింది," అన్నారు అధికారి.

"లేద్సార్," అంది ముందు బల్ల పిల్ల మెల్లగా. "పైన ఉంది. దిగేముందు ఒక్క క్షణం ఆగింది."

మాస్టారు మీట వదలగానే, అన్నట్టే రాయి మళ్ళీ కూత అందుకుని నేలకు దిగింది. అధికారి కళ్ళు తెరవకుండానే, "ఇంకోసారి వేయండి," అన్నారు. తాళం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పిల్ల పాసైంది. సెలవుల్లోనే ఉన్న కాస్త చూపూ పోయింది. సర్టిఫికెట్ కోసం తండ్రి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. మాస్టారు అతన్ని లోపల కూర్చోబెట్టి తలుపు వేశారు. ఏం మాట్లాడారో తెలియదు; తలుపు తీసేసరికి ఇద్దరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి. "చదివిస్తానండీ," అన్నాడు తండ్రి.

వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల అడిగింది. "సార్, మన రాయి ఏ రంగు?"

తెరమీద రాయంటే ఒక నల్లచుక్క. మాస్టారు "నీలం తల్లీ," అన్నారు. వాళ్ళు గేటు దాటకముందే వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని రాళ్ళన్నిటికీ నీలం రంగు వేయడం మొదలుపెట్టారు. "పిల్లలకు తప్పు చెప్పకూడదు కదండీ," అన్నారు నావైపు తిరక్కుండా.

ఇంత జరిగాక ఆ పిల్ల గొప్ప ఫిజిక్స్ శాస్త్రవేత్త అయి ఉంటుందని పాఠకులు ఊహించడం సహజం.

ఆమె కామర్స్ తీసుకుంది.